చాద్, ఏడో తరగతి బి సెక్షన్

చీటీ విప్పితే
కడారి లింగస్వామికి చాద్ వచ్చింది.
పక్కోడికి జపాన్ పడ్డదని
మొహం మాడ్చుకున్నడు.
ఒక దేశం, ఒక చార్టు, క్లుప్తంగ.
నేను చెప్పింది అంతే.

మూడోనాడు చుట్టచుట్టి పట్టుకొచ్చిండు.
చుట్టూ ఆరు దేశాలు
లిబియా, సూడాన్, మధ్య ఆఫ్రికా,
కామెరూన్, నైజీరియా, నైజర్.
గెట్లు పెట్టినంత గట్టిగ గీసిండు,
మూడెకరాల పంచాయితీ ఇంట్ల చూసినోడు గదా.
సముద్రం: లేదు.
కింద మళ్లొకసారి: అసలే లేదు.

పంటలు: జొన్న, సజ్జ, పల్లికాయ, నువ్వులు, పత్తి.
"ఇది మన చందంపేట గురించి రాసినవురా?"
"లేదు టీచర్, పుస్తకంలనే ఉంది."
పండ్ల మీది పచ్చగార కనపడేటట్టు నవ్విండు.

నది పేరు చారి.
క్లాసంత గొల్లుమన్నది.
కేతావత్ మోతి లేచి
"తలుపులు చెక్కే చారి తాత పేరా టీచర్?"

అక్కడి తుమ్మబంక ఓడలెక్కుతదట.
ఓడ దాకా పోవాల్నంటే
లారీ ఇంకో దేశం దాటాలె.
పటాన్ని చార్టుకు అంటించింది గూడ తుమ్మబంకే,
బడి ఎనుక చెట్టుది.
ఒక చీమ ఇరుక్కపోయింది,
లిబియా దిక్కు.

జపాన్ గీసినోని నీలం పెన్సిలు
అరిగి గోరంతయింది.
లింగస్వామిది కొన్ననాటి ముక్కు అట్లనే ఉంది.
వానికి నీలం పెట్టెతందుకు ఒక్కటే చెరువు,
దేశానికి పేరిచ్చిన చెరువు.
పెద్దనీళ్లని అర్థమట.

"ఎంత గీయాలె టీచర్?
గోడ పటంల రూపాయి బిళ్లంత ఉంది.
మీ ఫోన్ల చూస్తే పెసరగింజంత గూడ లేదు."

గోడ పటం నేను పుట్టకముందు అచ్చయింది.

మా పెద్దకుంట యాదికొచ్చింది.
పహాణీల పద్దెనిమిదెకరాల నీళ్లు.
కంటికి తుమ్మలు, రెండు ఇటుక బట్టీలు,
హద్దురాళ్లకు కొత్తగ ఏసిన తెల్లసున్నం.
ఏది నిజమో
తాసిల్దారు ఆఫీసులనే తెగలే.
"నీ ఇష్టంరా" అని
హాజరు పుస్తకం తెరిచిన,
పిరికిదాని లెక్క.

సాయంత్రం అందరు పోయినంక చూసిన.
రూపాయి బిళ్ల పెట్టి
చుట్టూ సన్నగ గీత కొట్టిండు.
లోపల పెసరగింజంత నీలం,
కాయితం చినిగేదాక ఒత్తి ఒత్తి దిద్దింది.
రెండిటి నడుమ జాగల
చిన్న అక్షరాలతోని రాసిండు:
శిఖం.