తాళంచెవి

తోంచ్కా వంటింట్లో, కాఫీ డబ్బా పక్కన మేకుకి
గుహ తాళంచెవి.
నవంబరు నుంచి మార్చి దాకా అడగొద్దు.
గబ్బిలాలు నిద్రలో ఉంటాయి,
ఉలిక్కిపడి ఒక్కసారి ఎగిరాయా
చలికాలానికి దాచుకున్న కొవ్వంతా ఖర్చు.

ఏప్రిల్లో వచ్చారు ముగ్గురు, లుబ్లియానా నుంచి.
బూట్లు తిరగేసి చూసింది:
"ఏ గుహ బురద ఇది? కడుక్కురండి."
పెరటి కొళాయి కింద వేళ్ళు కొంకర్లు పోయాయి.
పుస్తకంలో పేర్లు, దిగే వేళ, ఎక్కే వేళ.
"ఎనిమిది దాటితే వెతకడానికి నేనే వస్తా,"
ఎనభై రెండేళ్ళ మోకాళ్ళతో.

కిటికీలో ఒక రాయి. జానెడు, తెల్లగా.
పెళ్ళికి ముందు విన్కో తెచ్చిచ్చాడు
పువ్వు తుంచినట్టు తుంచి.
మురిసిపోయింది అప్పుడు.
యాభై తొమ్మిదేళ్ళు, దానిమీద ఒక్క చుక్క పడలేదు.
లోపల, కప్పున, దాని మొదలు ఇంకా కారుతోందట.

కాంక్రీటు పోసి మూసేద్దాం, పీడా పోతుందన్నాడు
మునిసిపాలిటీ కుర్రాడు.
"మూస్తే ఎవరు చూస్తారు?
చూడనిదాన్ని ఎవరు కాస్తారు?"
వాడికీ ఓ జత బూట్లిచ్చి పంపింది.

ఎనిమిదికి పది నిమిషాలు.
కొండవాలున ఒకటి, రెండు... ఆగి, మూడో దీపం.
చెవిని మేకుకి తగిలించి
తడిగుడ్డతో రాయిని తుడిచింది.