పానాల సంచి

మా ఇంట్ల జిప్పు మంచిగున్న సంచి ఒక్కటే,
అది బాలకిషన్‌ది.
ఏసీలు బాగుచేసే సామానంత
బియ్యం బస్తాల బోర్లించి
"ఇగో, నీ ఆస్పత్రికి" అన్నడు.
సర్ఫుల రెండుసార్లు ఉతికిన,
గ్రీజు వాసన పోలె.
మూడోసారి నిమ్మచెక్కతోని రుద్దిన,
నిమ్మకాయ వాసనొచ్చే గ్రీజయింది.

విమలక్క వేళ్ళు మడుచుకుంట చెప్పింది:
ఆధార్ జిరాక్సులు నాలుగు,
స్కానింగు కాయితాలు,
బకెటు, మగ్గు, చద్దరు,
ముందల గుండీలున్న నైటీలు రెండు, ఫ్లాస్కు.
"చిల్లర మర్చిపోకు.
ఆడ ప్రతి తలుపుకు ఒక చెయ్యుంటది."

పుట్టేటోళ్ళకు మాత్రం
కొత్తది ఏది కొనొద్దన్నది అత్త.
ఇంకా రానోళ్ళకు బట్ట కొంటే
బట్టను చూసి దిష్టి తోవ పడతదంట.
అందుకే ట్రంకుపెట్టెల నుంచి
పోయినేడు పోయిన మామ పంచె తీసింది.
పర్రుమని సగం దాక చింపి
ఆగింది.
నేను గిన్నెలు తోముతున్నట్టే ఉన్న.
కొంచెంసేపటికి మిగిలిన సగం చిరిగిన చప్పుడు.

పైఇంటి నుస్రత్ ఆపా టోపీ ఇచ్చింది,
ఆకుపచ్చ ఊలు టోపీ, మే నెలల.
"మా నలుగురు ఏసుకున్నరు,
నలుగురు బడికి పోతున్నరు" అన్నది.
అంతకన్న గ్యారంటీ ఏ దుకాణమిస్తది?

పన్నెండు దినాలు సంచి తలుపెనుక కూసుంది,
నాకన్న పెద్ద కడుపుతోని.
రోజు రాత్రి తీసి లెక్కపెట్టుడు, మల్ల మడుచుడు.
ఒక జిరాక్సు ఎనుక
మా చెల్లె నంబరు రాసిన.
నాకేమన్న అయితే, అని రాసి
కొట్టేసిన.
నంబరు మాత్రం కొట్టెయ్యలే.

నొప్పులు మొదలైన రాత్రి గౌలిపురల కరెంటు లేదు.
చీకట్ల బాలకిషన్ తలుపెనుకకు చెయ్యి చాపిండు.
చెయ్యి పాపం ఏంజేస్తది,
తొమ్మిదేండ్ల నుంచి తెలిసిన బరువునే పట్టుకుంది.

శాలిబండ దగ్గర ఆటో ఎగిరింది.
బస్తా గల్లుమంది.
ఒకల మొకం ఒకలం చూసుకున్నం.
నొప్పికి నొప్పికి నడుమ
నేను నవ్వుతుంటే
ఆటో ఆయన భయపడి ఇంకింత ఉరికించిండు.

పేట్లబురుజు గేటు కాడ బస్తా మూతి ఇప్పి
వాచ్‌మన్ టార్చి కొట్టిండు:
పానాలు, రాగి పైపు, గ్యాసు మీటరు.
"కాన్పుకొచ్చిండ్రా, రిపేరుకొచ్చిండ్రా?"

నాలుగుంబావుకు బిడ్డ.
"గుడ్డ ఏదమ్మా?" అని సిస్టర్ ఒర్రుతుంటే
నేను గోడ దిక్కు చూసిన.
పక్క మంచం ఆమె,
జహీరాబాదు దిక్కునుంచి వచ్చిందంట,
తన దిండు కిందికెళ్ళి
పసుపుపచ్చ చీర ముక్క తీసి ఇచ్చింది.
పేరడుగుదామనుకునేసరికి
ఆమెను లోపలికి తీసుకపోయిండ్రు.

ఎనిమిదింటికి అత్త సంచితోని వచ్చింది
చెప్పులు రెండు రెండు తీర్లు ఏసుకొని.
అన్నీ ఉన్నయి. టోపీ లేదు.
మంచం కింద, ఆటోల, మెట్ల మీద
అంతట ఎతికినం.
నుస్రత్ ఆపాకు చెప్పబుద్ధి కాలే.

పురుడు పోసిన మర్నాడే
సంచి మల్ల పనికి పోయింది.

నిన్న మధ్యాహ్నం ఫోను.
సోమాజిగూడల ఎవరింట్లనో
నిచ్చెన మీదున్నడంట,
ఫ్యూజు కోసం లోపలి జేబుల చెయ్యి పెట్టిండంట.
"టోపీ" అన్నడు.
ఇంకేమనలే.
నేను గూడ ఏమనలే.
బిడ్డ నా భుజం మీద ఎక్కిళ్ళు పెడుతుంది.
ఫోన్ల అటుదిక్కు ఎవరో గట్టిగ అడుగుతున్నరు,
చల్లగాలి వస్తదా, రాదా అని.