గైరుహాజరు

సిరొంచ జిల్లా పరిషత్ బడిలో
మరాఠీలో హాజరు పిలుస్తాను,
తెలుగులో తిడతాను.
ఆ ఏడు మే నెల సెలవుల్లో మాత్రం
మిగిలిపోయిన హాజరు పట్టీలో
ఒక సినిమాను రాసుకున్నాను.

కంటిన్యుటీ అంటారట ఆ పనిని.
ఏ చేతికి ఎన్ని గాజులు,
చాయ్ గ్లాసు ఎంతవరకు ఖాళీ,
పడవ తాడు ఎడమ భుజం మీదా, కుడి భుజం మీదా.
రోజుకు రెండు వందల యాభై, మధ్యాహ్నం భోజనం.

డైరెక్టరు పేరు ఓదెలు, చెన్నూరు పిల్లగాడు.
కెమెరా ముట్టడు, లైటు మోయడు,
మాటలు వేరొకాయన రాశాడు.
తలకు తువ్వాల చుట్టుకుని
ఎండలో ఊరికే నిలబడి ఉంటాడు.

మూడో రోజు మల్లక్క అడిగేసింది:
"డబ్బ ఆయనది, మాట ఈయనది, మొకం నాది.
మరి నీదేంది బిడ్డా ఇందుల?"
అందరం నవ్వాం.
టిఫిన్లు పంచే కుర్రాడు పెద్దరికంగా చెప్పాడు,
ఆయన పడవ నడిపేటోని లెక్క అక్కా అని.
ఓదెలు తల అడ్డంగా ఊపాడు:
"పడవ నడిపేటోనికి అవతలి ఒడ్డు కనవడ్తది."

మల్లక్క నటి కాదు.
ప్రాణహిత మీద వంతెన లేచేదాకా
మనుషుల్నీ మేకల్నీ పెండ్లి బాజాల్నీ
ఇటునుంచి అటు దాటించిన మనిషి.
ఆఖరి సీనులో వంతెనను చూస్తూ
ఆమె చెప్పాల్సినవి నాలుగు వాక్యాలు.
మంచి వాక్యాలు.
కాగితం మీదే నా గొంతు పట్టేసినవి.

మొదటి టేకు, రెండోది, ఆరోది.
ప్రతిసారీ చెప్పింది, ప్రతిసారీ ఏడ్చింది.
ఏడోసారికి అతను ఒక వాక్యం తీసేశాడు,
తొమ్మిదోసారికి ఇంకో రెండు.
రచయిత లేచి వెళ్లి రేవు రాళ్ల మీద
అటు తిరిగి కూర్చున్నాడు.
పదకొండోసారి మాటే లేదు,
కన్నీళ్లూ వద్దన్నాడు.
"మరేం చెయ్యాలె?"
"తాడు కట్టి ఇంటికి పో అక్కా."
"ఇంక దీన్ని ఎవలు ఎత్కపోతరని కట్టాలె?"
అతను వినిపించుకోలేదు, లేదా విన్నాడు.

పన్నెండోది అయిపోయిందనుకుంది ఆమె.
మేమూ అనుకున్నాం.
కెమెరా ఆయన అతని మొహంకేసి చూశాడు.
అతను కట్ అనలేదు.
ఆమె కట్టిన తాడు విప్పింది,
మళ్లీ కట్టింది,
ముడి నిలుస్తుందో లేదో
కాలితో ఒకసారి తన్ని చూసింది.
చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంది.
పైన ఎర్ర బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది,
తలెత్తనే లేదు.
ఒడ్డెక్కి కనుమరుగైంది.
అయినా కట్ అనలేదు.
ఒక కుక్క వచ్చి
పడవను వాసన చూసి వెళ్లింది.
అప్పుడన్నాడు, మెల్లగా,
పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

నేను పట్టీ తెరిచాను:
ముందు సీనులో తాడు ఎడమ భుజం మీద,
ఇప్పుడు కుడి భుజం మీంచి దింపింది.
"తప్పు."
"తెలుసు టీచర్. ఉండనీ."
నెల రోజుల నా రాత మీద
ఆ ఒక్క మాట అడ్డగీత.

దసరా సెలవుల్లో బడి హాల్లో
తెల్ల దుప్పటి కట్టి బొమ్మ వేశారు.
మల్లక్క కొత్త చీరలో, ముందు వరుసలో.
లైట్లు వెలిగాక లేచి నిలబడింది:
"పది మార్లు ఏడ్పిచ్చినవ్.
ఒక్కటన్న ఉంచకపోతివి.
నా మాటలెటువాయె?"
ఓదెలు దగ్గర జవాబు లేదు.
రేవులో నిలబడ్డట్టే నిలబడ్డాడు.
ఆ రాత్రి అతనికి అన్నం పెట్టింది,
పలకరించలేదు.
కుక్క పడవను వాసన చూసినప్పుడు
హాల్లో ఎవరూ దగ్గలేదని నాకు తెలుసు.
అయినా ఎవరిది న్యాయమో ఇప్పటికీ తేలలేదు.

పొద్దున్నే హాజరు పిలుస్తుంటాను.
ఒక పేరు దగ్గర జవాబు రాదు.
ఇదివరకైతే సున్నా చుట్టి
తర్వాతి పేరుకు పోయేదాన్ని.
ఇప్పుడు కాసేపు ఆగుతాను.
కిటికీ పక్క ఖాళీ చోటును చూస్తాను.
గోల చేస్తున్న పిల్లలు ఒక్కొక్కరే
తలలు తిప్పి అటే చూస్తారు.