నాలుగంగుళాల చిల్లు

మత్తికెరెలో మూడో అంతస్తు.
మెట్లెక్కుతుంటేనే వినిపించింది
టిక్ టిక్ టిక్ టిక్.
అంటుకోని గీజరు చప్పుడు నాకు
మా హిందూపురం బస్సు హారన్ కంటే బాగా తెలుసు.

దీంట్లో వేసేవి గడియారం బ్యాటరీలు కాదమ్మా,
లావువి రెండు, టార్చిలైటువి
అని చెప్పబోయి, మొహం చూసి ఊరుకున్నాను.
రాత్రి డ్యూటీ దిగొచ్చిన కళ్లు.
పేరు కెజియా. ఊరు వేటపాలెం.
ఆస్పత్రిలో పన్నెండు మంచాలకి తనొక్కతే నర్సు.
డిసెంబరు పొద్దు, ఏడు గంటలు,
ట్యాపు తిప్పితే వేళ్లు కొరికే బెంగళూరు.
"ఒంటి మీద వార్డు వాసన
చన్నీళ్లకి పోదన్నా" అంది.

బాత్రూమంటే ఎంత?
చేతులు చాపితే రెండు గోడలూ తగుల్తాయి.
గోడకి ఆరు లీటర్ల తెల్ల పెట్టె,
వంటింట్లోంచి దాకా పాకిన నారింజ రంగు పైపు.
సిలిండరు ఒక్కటే.
పప్పు ఉడకాలన్నా అదే, ఒళ్లు కడగాలన్నా అదే.

బ్యాటరీలు మార్చాను.
మూడో టిక్కుకి భగ్గుమంది.
నీళ్లు పొగలు కక్కాయి, ఆమె నవ్వింది.
నేను నవ్వలేదు.
మంట నీలంగా లేదు.
అంచుల్లో పసుపు,
కామెర్లొచ్చిన కంటిలా.

తలెత్తితే వెంటిలేటరుకి ఫ్లెక్సీ ముక్క.
ఎవరివో పుట్టినరోజు శుభాకాంక్షలు, సగం మీసం, ఒక దండ.
చుట్టూ మేకులు.
"ఏంటికమ్మా మూసినావు?"
"పక్కింటి మెట్లు అటేగా అన్నా.
ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ..."
ఇంక చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

గ్యాసు మంచిది, వాసనేసి పిలుస్తుంది.
మండాక పుట్టేది ఉందే,
దానికి వాసన లేదు, రంగు లేదు, అడుగుల చప్పుడు లేదు.
వెచ్చగా ఉంది కదా అని ఇంకో చెంబు పోసుకుంటాం.
"స్నానంలో తల తిరుగుతుందా?"
"నిద్ర చాలదు కదన్నా."

నేనొకసారి ఒక తలుపు పగలగొట్టాను.
లోపల షవరు ఇంకా పోస్తూనే ఉంది, వేడిగా.
అది ఆమెకి చెప్పలేదు.

చెప్పింది ఓనరుకి. చన్నబసప్ప గారు,
పెయింటు వేయించి నెల కాలేదంటాడు.
"గోడె ముట్టబేడి. బిసినీరు బర్తిదెయల్లా!"
వేడినీళ్లొస్తున్నాయిగా, ఇంకేమని ఆయన లెక్క.
నాకు రెండు భాషలూ సగం సగమే,
బతిమాలడం మాత్రం రెండింట్లోనూ నిండుగా వచ్చు.
బయట పెడదామంటే బాల్కనీ లేదు సార్,
నాలుగంగుళాలు, అంతే సార్.
చివరికన్నాడు:
చిల్లు పడితే అడ్వాన్సులో రెండు వేలు కోత.
కెజియా గిన్నె కడుగుతూనే అంది
"కోసుకోమనన్నా."

డ్రిల్లు దిగింది.
ఎర్రటి ఇటుక పొడి బకెట్లో రాలింది.
అవతల ఆకాశం, అరచేతంత.
రేకు గొట్టం తొడిగాను, మూతి కిందికి వంచి,
పావురాలు దూరకుండా జాలీ.
ఫ్లెక్సీ పీకి ఏటవాలు గాజు పలకలు బిగించాను.
గాలి దూరాలి, చూపు దూరకూడదు,
ఇంతే కదా, ఎవరికీ ఎందుకు తోచలేదో.

మళ్లీ టిక్ టిక్.
ఈసారి మంట నీలం,
అగ్గిపెట్టంత పొయ్యిలో వరుసగా
బడి పిల్లల్లా నిలబడింది.
"చలి గాలొస్తుందన్నా ఇప్పుడు" అంది.
రానీ తల్లీ. చలికి దుప్పటుంది.

ఇప్పుడు పొద్దున్నే యశ్వంతపురం పోతూ
ఆ సందులోంచే పోతాను, అర కిలోమీటరు చుట్టైనా.
మూడో అంతస్తు, వెనక గోడ.
ఏడూ పది, ఏడుంబావు మధ్య
గొట్టం మూతిలోంచి తెల్లగా ఆవిరి వస్తుంది.
బండి ఆపను.
హారన్ కూడా కొట్టను.
ఒక్కోరోజు రాదు.
ఆ రోజు సెలవేమో అనుకుంటూ
సిగ్నల్ దాకా వెనక్కి చూస్తూ పోతాను.