ఏడో నంబరు వీలునామా

జనవరి ఇరవై మూడు. ఊపిరి మఫ్లర్ మీదే గడ్డకడుతోంది.
వోర్మ్సి దీవికీ ఇవతలి గట్టుకీ మధ్య
సముద్రం పది కిలోమీటర్ల రోడ్డయింది.
ఇరుపక్కలా జునిపెర్ కొమ్మలు గుచ్చారు,
పొగమంచులో ఎవరూ దారి తప్పకుండా.
ఇక్కడ కారులో బెల్టు పెట్టుకోకూడదు.
మునిగితే విప్పుకునే తీరిక ఉండదు.

మంచు మందం కొలిచే పరికరాలు పన్నెండు తెచ్చాను.
గొట్టంలో అరచేతిలో పట్టే బోర్డు,
మీద యాంటెన్నా, చలికి మొండికేసే బ్యాటరీ.
మంచుకు తూట్లు పొడిచింది హెల్డుర్.
ముప్పై ఎనిమిది చలికాలాలుగా ఈ దారికి కాపరి,
బర్మా చేతికొస్తే నాకంటే పడుచువాడు.

"ఇవి ఎవరితో మాట్లాడతాయి?"
"బ్రోకర్‌తో."
"అంటే దళారి. కమీషన్ ఎంత?"

ఏం చెప్పను? ఎక్కడో క్లౌడ్‌లో కూర్చుని
తన చెవిన పడ్డది అడిగినవాళ్ల చెవిన వేస్తాడు,
సొంత మాట ఒక్కటీ కలపడు.
చెప్పేవాడికి వినేవాడి మొహం తెలియదు,
వినేవాడికి చెప్పేవాడి ఊరు అక్కర్లేదు.
ఇద్దరికీ తెలిసిందల్లా ఒక్క చిరునామా:
వోర్మ్సి/దారి/ఏడు/మందం.

"అలాంటి దళారిని నేను చూళ్లేదు," అన్నాడు హెల్డుర్
థర్మాస్ మూతలో కాఫీ పోసిస్తూ.

ఒకటి నుంచి ఆరు దాకా సాఫీగా కలిశాయి.
ఏడు గంటన్నర ఏడిపించింది.
సర్టిఫికెట్ చెల్లదంటుంది. గ్లౌజు తీసి టైపు చేస్తుంటే
వేళ్లు నావి కాకుండా పోయాయి.
తీరా చూస్తే దాని గడియారం
పంతొమ్మిది వందల డెబ్భై, జనవరి ఒకటిలోనే ఆగి ఉంది.
ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ను ఎలా నమ్ముతుంది పాపం?
"అప్పుడు నేను బడికెళ్తున్నా," అన్నాడు హెల్డుర్. "దాన్ని తిట్టకు."

కలిసేటప్పుడే ప్రతిదీ ఒక వీలునామా అప్పజెప్పాలి.
మొదటి పలకరింపుతో పాటే.
చెప్పాపెట్టకుండా నోరు మూతపడితే
దళారి ఆ కాగితం తీసి అందరికీ వినిపిస్తాడు.
నేను మామూలుగా "ఆఫ్‌లైన్" అని రాసి ఊరుకుంటా.
ఏడో దానికి మాత్రం హెల్డుర్ రాయిస్తానన్నాడు.
బర్మా మీద గడ్డం ఆనించి చాలాసేపు ఆలోచించాడు.
"నేను పలకకపోతే నా మీద నడవకండి."
అంతే. ఒక్క అక్షరం మార్చనివ్వలేదు.

మార్చి తొమ్మిది, తెల్లవారుజాము మూడుంపావు.
ఏడు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.
దళారి చూడవలసినంతసేపు చూశాడు, కాగితం విప్పాడు.
నా ఫోన్ రెండుసార్లు మోగింది, ఒకే వాక్యంతో.
ఒక్కసారైనా చేరి తీరాలని పెట్టిన మాట
ఒక్కోసారి రెండుసార్లు చేరుతుంది.
నేను ఫోన్ చేసేసరికి హెల్డుర్ గేటు దించేశాడు.
అవతల రొట్టెల వ్యాను, ఈనలేక అవస్థ పడుతున్న ఆవు కోసం
బయల్దేరిన డాక్టర్ కైరిత్.

తెల్లారాక వెళ్లి చూస్తే నక్క కేబుల్ కొరికింది.
మంచు ముప్పై నాలుగు సెంటీమీటర్లు, ఇనుములా ఉంది.
నాకు తల కొట్టేసినట్టయింది.
కైరిత్ అరిచింది. అరవడానికి ఆమెకు హక్కుంది.
హెల్డుర్ బర్మా తుడుచుకుంటూ అన్నాడు:
"పలకలేదు కదా. అంతవరకూ అది నిజమే చెప్పింది."

ఏప్రిల్‌లో పదకొండు పరికరాలు బయటికి లాగాం.
ఒక్కొక్కటీ దళారికి సెలవు చెప్పి నిద్రపోయింది.
సెలవు చెప్పి వెళ్లినవాళ్ల వీలునామా ఎవరూ చదవరు.
ఏడు మాత్రం ముందురోజు రాత్రే నీళ్లలోకి జారింది.

తర్వాతి చలికాలం సముద్రం గట్టిపడలేదు.
పడవలు నడిచాయి. జనవరిలో ఒక రోజు
ఊరికే ఆ చిరునామా తెరిచాను.
కొత్తగా వచ్చినవాళ్లకోసం అట్టే పెట్టిన ఆఖరి మాట
కనురెప్ప పడేలోపు వచ్చి వాలింది.
చెరిపేయడానికి ఒక ఖాళీ సందేశం చాలు.
పంపలేదు.

సాయంత్రం హెల్డుర్ ఫోన్ చేశాడు,
అటుపక్క కెరటాల చప్పుడు.
"ఏడు ఏమంటోంది?"