కమలాపండు ఉలిక్కిపడదు

కుతాయిసిలో మంచు పడుతున్న పొద్దున.
బల్ల మీద ముప్ఫై కమలాపండ్లు,
ఒక రబ్బరు చెయ్యి.
ఏళ్ల తరబడి ఒకేచోట పొడిచీ పొడిచీ
దాని నరం తనే దారి చూపిస్తుంది.

నాకు నూటికి తొంభై ఆరు.

సియాలా టీచరు ఏమీ అనలేదు.
స్వెట్టరు మోచేతి పైకి లాక్కుని
తన కుడిచెయ్యి నా ముందు పెట్టింది.
ఉల్లిపొరలాంటి చర్మం, కింద
వేలు తగిలితే పక్కకి జారిపోయే నరం.

"చూడకు. తడుము."
తడిమాను. వెచ్చగా ఉంది.
ఆ వెచ్చదనానికే వణికాను.

మొదటిసారి తప్పింది.
ఆమె పెదవి బిగించింది,
ఏ పండూ అలా చెయ్యలేదు.
"క్షమాపణలు తర్వాత. ముందు దూది నొక్కు."

రెండోసారి
సూదికన్నా ముందు నా మాట వెళ్లింది:
"కాస్త చురుక్కుమంటుందమ్మా."

అప్పుడు, ఎడంచేత్తో,
పెన్ను కోసం వెతుక్కుంది.