పౌనుకి ఆరుగురు

నాలుగూ పదికి స్కూలు బస్సు ఇంటిముందే ఆపుతాను.
ఐదింటికల్లా బాస్కెట్‌బాల్ పిల్లల్ని
పక్క ఊరి ఆటకి తీసుకెళ్లాలి.
ఇంజను మాత్రం ఆపను.
బయట సున్నాకి ఇరవై కింద.
నార్త్ డకోటాలో జనవరి సంగతి అంతే,
ఒకసారి ఆగిందేదీ మళ్లీ బతిమాలితే గాని కదలదు.

కోటు విప్పను. టోపీ తీస్తాను.
మా అత్త డోరీన్ ఇనప మూకుడు
ఎప్పుడూ పొయ్యి మీదే ఉంటుంది,
దానికి అలమరలో చోటు ఎవరూ వెతకలేదు.

ఫ్రిజ్‌లో గొడ్డు కైమా ఒక పౌను. ఒకటే.
జీతం శుక్రవారం.
మంగళవారం నుంచి చూస్తే శుక్రవారం
కెనడా సరిహద్దుకి అవతల ఉంటుంది.

మూకుడు పొగ విడిచేదాకా ఓపిక పట్టి
మాంసం వేస్తే చుయ్యిమంది.
కదపకూడదు. చెయ్యి ఊరుకోదు, అయినా కదపకూడదు.
అడుగు ఎర్రబడ్డాక గరిటె అంచుతో చిదిమి
ఉల్లిపాయ తోశాను, ఉప్పు, మిరియాలు,
రెండు బంగాళదుంపలు సన్నగా తరిగి.

ఫోను. వెర్లిన్.
చక్కెర ఫ్యాక్టరీ హోరులోంచి అరుస్తున్నాడు:
"రస్ కూడా వస్తున్నాడు! వాడి ట్రక్కు చచ్చింది!"
రెండు దుంపలు నాలుగయ్యాయి.
సగం క్యాబేజీ మొత్తం అయింది.
ఒక క్యారెట్టు, మెత్తబడింది, పర్వాలేదు.
డబ్బా టమాటా, ఆ డబ్బా కడిగిన నీళ్లు కూడా.

కైమాలో నాకు నచ్చేది ఇదే.
కోడి అయితే కాలెవరిది, రెక్కెవరిదని పంచాయితీ.
ఇక్కడ ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలీదు,
ప్రతి చెంచాకీ కాస్త తగులుతుంది,
రస్ తలొంచుకుని తినక్కర్లేదు.

ఇక బఠాణీలు.
జోలీన్‌కీ, చిన్నది టిల్డాకీ ప్రాణం.
కోల్బీ తినడు.
కోల్బీ వెర్లిన్ కొడుకు, పదమూడేళ్లు,
మూడు వారాల కిందట బిస్మార్క్ నుంచి
బట్టలన్నీ చెత్తసంచీలో వేసుకుని వచ్చాడు.
ఆ సంచీ ఇంకా మంచం పక్కనే ఉంది, మూతి కట్టేసి.
నన్ను ఏ పేరుతోనూ పిలవడు.
ఏదైనా కావాలంటే గుమ్మంలో నిలబడి
గొంతు సవరించుకుంటాడు.

బఠాణీల సంచీ కత్తిరించి
సగం మూకుడులోనే పోశాను.
ఎడమవైపు పచ్చగా, కుడివైపు ఖాళీగా,
మధ్యలో గరిటెతో గీసిన గట్టు.
వంటగదిలో కూర్చుని లెక్కలు చేస్తున్నాడు వాడు,
తలెత్తి చూశాడో లేదో.
నేనేమీ అనలేదు. మూత పెట్టేశాను.
సెగ తగ్గించి,
"పెద్ద ముల్లు ఆరు దగ్గరికి వచ్చాక ఆపెయ్" అన్నాను,
ఎవరికని కాదు, గదికి.

ఆట ఓడిపోయాం, పదకొండు పాయింట్లతో.
వచ్చేటప్పుడు బస్సు నిండా తడి సాక్సుల వాసన,
వెనక సీట్లో ఎవరో ఏడ్చారు.
అద్దంలో చూడనట్టే చూశాను.

పదకొండున్నరకి ఇల్లు నిద్రపోతోంది.
రస్ సోఫాలో, బూట్లు సోఫా కింద వరసగా.
మూకుడు పొయ్యి మీదే, మూతతో.
మూత మీద లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం.
పేరు లేదు.
పెన్సిల్‌తో ఒక బస్సు, పక్కన నా నంబరు, పద్నాలుగు.

మూత తీశాను.
అంతా గోకేసి ఉంది,
కుడివైపు మూల తప్ప.
అక్కడ చారెడు, అంచున నల్లగా అంటుకున్న మాడుతో సహా,
ఒక్క బఠాణీ లేకుండా.
రెండు గింజలు దొర్లొస్తే వేలితో తీసేసిన గుర్తులు కూడా ఉన్నాయి.

నాకు బఠాణీలు ఇష్టమే.
వాడికి చెప్పను.
బయటికెళ్లి ఇంజను ఆపి, హీటరు తీగ ప్లగ్గులో పెట్టి వచ్చి
కోటు విప్పి
మూకుడు ఒళ్లో పెట్టుకుని తిన్నాను.